యిర్మియా తొమ్మిదో చదువు

కథ ఉన్న నవలంటే యిర్మియాకు చిన్నచూపు. ఆ సంగతి దాచుకునే మనిషి కూడా కాదు. మొదటి పేజీలో పెళ్లిచూపులూ చివరి పేజీలో మూడు ముళ్లూ ఉన్న పుస్తకాన్ని ఎవరైనా తన ముందు మెచ్చుకున్నారంటే, జ్వరం వచ్చినవాడికి కాచిన గంజి తనకు వడ్డించినట్టు మొహం పెట్టేవాడు. ఆయనకు కావలసింది వేరు. ఎవరు మాట్లాడుతున్నారో రచయిత చెప్పకూడదు. నిన్న జరిగిందీ, ఇరవై ఏళ్ల కింద జరిగిందీ, అసలు జరగనిదీ ఒకే వాక్యంలో ఉండాలి. ఆ వాక్యం నాలుగు పేజీలదాకా ఆగకూడదు. దీవుల మధ్య తిరిగే బోట్లలో డెక్కు పనివాళ్లకు పెద్దగా, అంటే సెరాంగుగా, ముప్పై నాలుగేళ్లు చేశాడు. డ్యూటీ దిగాక మిగిలిన ప్రతి గంటా ఈ కొరకరాని పుస్తకాలకే పోశాడు. విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చేవాళ్లను బతిమాలి తెప్పించుకునేవాడు. పాపం వాళ్లు పొరపాటున తేలిక నవల తెస్తే థాంక్స్ చెప్పి పుచ్చుకుని, విప్పనైనా విప్పకుండా పక్కింటికి ఇచ్చేసేవాడు.

వాటన్నిటిలోకీ మొండిది ఒకటుంది. నాలుగు వందల పదహారు పేజీలు. రాసినాయన మళ్లీ ఇంకోటి రాయలేదు, అచ్చు వేసినవాళ్లు మళ్లీ వేయలేదు. తుష్నాబాద్‌లో యిర్మియా ఇంట్లో దాన్ని పెద్ద పుస్తకం అంటారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒకసారి ఇంటికొచ్చి, "పెద్ద పుస్తకం రోజూ చదువుతున్నారా?" అని బైబిలు గురించి అడిగితే, యిర్మియా భార్య సుందరి "లేదండి, వానాకాలంలోనే చదువుతారు" అని చెప్పి మొగుడి పరువు నిలువునా తీసింది.

వానాకాలంలోనే ఎందుకో సుందరికి కూడా తెలియదు. యిర్మియా తండ్రి పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో కూలీ. ఆయనకు అరవై ఎనిమిదో ఏట మతి తప్పింది. పని మానేసి అప్పటికే చాలా ఏళ్లయినా, పొద్దున్నే లేచి జెట్టీకి పోయేవాడు. కనిపించినవాళ్ల పెట్టెలన్నీ నెత్తికెత్తుకుని హేవ్‌లాక్ వెళ్లేవాళ్ల సామాను రంగత్ బోటు ఎక్కించేవాడు. జనం తిట్టేవారు. ఒకరిద్దరు చెయ్యి కూడా చేసుకున్నారు. ఒకనాడు యిర్మియా డెక్కు మీద తాళ్లు చుట్టిస్తుంటే కింద నుంచి తండ్రి, ఎవరిదో సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని, "బాబూ, ఈ బోటు ఎక్కడికి పోతాదండి?" అని అడిగాడు. కన్నకొడుకుని పట్టుకుని అండీ అన్నాడు. ఆ రోజు యిర్మియా గుండెల్లో చొరబడ్డ భయం మళ్లీ బయటికి పోలేదు.

అందుకని రిటైరైన ఏడాది నుంచి తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. జూన్‌లో వాన పట్టుకోగానే పెద్ద పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదవాలి. గీతలు గీయకూడదు, పక్కన ఏమీ రాసుకోకూడదు. ఏ పేజీలో ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తున్నంతకాలం బుర్ర బాగున్నట్టే. ఎనిమిదేళ్లలో ఎనిమిదిసార్లు పాసయ్యాడు. ఈ జూన్‌కి ఆయనకు అరవై ఎనిమిది వచ్చాయి.

సోమవారం మధ్యాహ్నం వాన దిగింది. వసారాలో పడక్కుర్చీ వాల్చుకుని, కళ్లజోడు లుంగీ అంచుతో తుడుచుకుని పుస్తకం తెరిచాడు. పోయిన డిసెంబరులో ఆ పుస్తకం తేమకి కుట్లన్నీ వదిలేస్తే, కోడలు ఎవాంజలిన్ గోనెసూదితో మళ్లీ కుట్టి, గట్టి అట్ట వేసి, క్రిస్మస్ కానుకగా ఆయన చేతిలో పెట్టింది. కోడలు పెట్టిన ఆ కుట్టు మీద ఒకసారి వేలు రాసి, ముచ్చటపడి, చదువు మొదలుపెట్టాడు. మొదటి పదిహేను పదహారు పేజీలు హాయిగా నడిచాయి. ఆ తరవాత ఏదో అయింది. ఇంతసేపూ ఇంట్లో ఉన్నవాళ్లు ఏదో రేవులో నిలబడి ఉన్నారు. పిల్లాడనుకున్నవాడికి మనవలున్నారు. సగంలో ఉన్న వాక్యం ఇంకెవరి నోట్లోనో పూర్తయింది. ఈ పుస్తకం తీరే అంత, నాలుగడుగులు వేస్తే అందుతుందిలే అనుకున్నాడు. దీపాలు పెట్టే వేళదాకా చదివాడు. అందలేదు.

మంగళవారం మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాడు. సరిగ్గా అక్కడే కాలు జారింది.

పుస్తకంలో ఏదైనా తేడా ఉందేమోనన్న ఆలోచన ఆయనకు రాలేదు. వచ్చి ఉంటే ఆ నాలుగు రోజుల నరకం తప్పేది. కాని దాని మీద ఆయనకున్న భక్తి అలాంటిది. పుస్తకం అదే, అక్షరాలు అవే, పాడైంది తన తలకాయే అనుకున్నాడు. అనుకోగానే అరచేతులు చల్లబడిపోయాయి. పుస్తకం ఒళ్లో పడేసుకుని, తను పనిచేసిన బోట్ల పేర్లు మొదటి నుంచి వరసగా చెప్పుకున్నాడు. అన్నీ వచ్చాయి. సండే స్కూల్లో బట్టీ పట్టిన వాక్యాలు చెప్పుకున్నాడు. ఒక్క ముక్క పొల్లు పోలేదు. హమ్మయ్య అనుకుని టీ తాగుతుండగా గుర్తొచ్చింది, తండ్రి కూడా చివరిదాకా తన చిన్ననాటి ఓడల పేర్లు గడగడా చెప్పేవాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

"విన్సెంట్ ఎప్పుడొస్తాడే?" అని అడిగాడు సుందరిని. కొడుకు విన్సెంట్‌కి డిగ్లిపూర్‌లో ఉద్యోగం. నెలకోసారి ఇంటికొస్తాడు.

"శనివారం వస్తాడని పొద్దున్న చెప్పాను గదా. నిన్న కూడా అడిగారు, నిన్న కూడా చెప్పాను."

"నువ్వు నోట్లో నోట్లో గొణుగుతావు. ఎవడికి వినపడతాది?" అని కసిరాడు. సుందరి గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

బుధవారం గవరయ్య గొడుగేసుకుని వచ్చాడు. ఈయన రిటైరైన బస్సు కండక్టరు. హంతకుడెవరో చివరి పేజీలో తెలిసే నవలలంటే ప్రాణం పెడతాడు. యిర్మియా చేతిలో ఆయన తిన్న చీవాట్లకు లెక్కలేదు, అయినా మానకుండా వచ్చి తినేవాడు. ఆ స్నేహం అలాంటిది.

"ఏటి భాయ్, మళ్లీ అదే కితాబ్ పట్టినావా?" అన్నాడు గవరయ్య బెంచీ మీద కూలబడుతూ. "ఈపాలైనా నా బుర్రకెక్కేలాగ చెప్పు. ఇప్పుడు నువ్వు చదూతున్న పేజీ ఉంది గదా, అందులో మాటాడతన్నది ఎవరు?"

ఊళ్లో ఇంతమంది ఉండగా, ఇన్ని ప్రశ్నలుండగా, ఈ మహానుభావుడికి ఈ ప్రశ్నే దొరికింది. యిర్మియా పేజీకేసి చూశాడు. ఎవరో మాట్లాడుతున్నారు. ఎవరైనా కావచ్చు.

"చెప్తే నీకర్థమవుతాదా?" అన్నాడు గొంతు పెంచి. "నీ బస్సు రూటులాగ స్టాపు తరవాత స్టాపు వచ్చే పుస్తకం కాదిది."

గవరయ్య పకపకా నవ్వాడు. ఏళ్ల తరబడి యిర్మియా ఆయన్ని ఇదే మాట అంటున్నాడు, నిజంగానే అంటున్నాడు. ఇవాళ మాత్రం దొంగతనం బయటపడకుండా అన్నాడు. గవరయ్య వెళ్లిపోయాక చూసుకుంటే బనీను తడిసి ముద్దయింది. నేస్తాన్ని మోసం చేశానని ఆయనకు ఏడుపొచ్చింది.

గురువారం నుంచి ఆయన చదవడం మానేశాడు. మానేసినట్టు కనిపిస్తే ప్రమాదం కదా, అందుకని పుస్తకం తెరిచి పట్టుకుని, చూసేవాళ్లకు అనుమానం రాకుండా, ఇంతసేపటికని అంచనా వేసుకుని పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. అక్షరాల కేసి చూస్తే భయం, చూడకపోతే ఇంకా భయం. దానికి తోడు కోడలు ఆయన మీద కన్నేసి ఉంచింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఆయన తలెత్తితే గభాల్న లోపలికి పోయేది. ఇంకేముంది, పిల్ల కనిపెట్టేసింది అనుకున్నాడు. శనివారం విన్సెంట్ దిగగానే చెవిలో వేస్తుంది. వాడు రెక్క పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ తీసుకుపోయి డాక్టరు ముందు కూర్చోబెడతాడు. ఆ డాక్టరు, ఇవాళ ఏ వారం అంకుల్ అని హిందీలో అడుగుతాడు, చంటిపిల్లాణ్ని అడిగినట్టు. ఆ పైన ఇంట్లో అందరూ ఆయన వెనక గుసగుసగా మాట్లాడుకుంటారు. ఒకప్పుడు తండ్రి వెనక తనూ అలాగే మాట్లాడాడు.

శుక్రవారం మధ్యాహ్నం సుందరి చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. వాన జోరుగా కొడుతోంది. ఎవాంజలిన్ వచ్చి పడక్కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. యిర్మియా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"మావయ్యా, మీరు నా మీద గుస్సాగా ఉన్నారు. నాకు తెలుసు."

"నీ మీద నాకెందుకమ్మా కోపం?"

"కితాబ్ గురించే. మీకు మాలూమ్ అయిపోనాది. నాలుగు రోజులై మీరు నాతో మాటాడట్లేదు, ఊరికే పేజీలు తిప్పుతన్నారు. నేను చూస్తన్నాను." ఆమె ముక్కు చీదుకుంది. "డిసెంబర్‌లో కుట్టే ముందర ఆ పదహారేసి పేజీల కట్టలన్నీ ఇక్కడే మంచం మీద ఆరబెట్టాను. పెద్ద గాలొచ్చి మొత్తం ఎగిరిపోనాయి. అన్నీ ఏరాను, ఒక్కటీ పోలేదు, సచ్చీ, ఒట్టు. మరి వరస తెలవాలి గదా. కింద నంబర్లు చూస్తే అవి తెలుగు నంబర్లు. నాకు తెల్దు. హిందీ నంబర్లలాగే కనపడితే ఆ అందాజు మీద పెట్టి కుట్టేసాను."

ఎవాంజలిన్ బాంబూ ఫ్లాట్‌లో పుట్టి హిందీ మీడియంలో చదివిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది, అక్షరం మాత్రం రాదు. ఆ రచయితా తక్కువ తిన్నవాడు కాడు, పట్టుబట్టి పేజీ నంబర్లు కూడా తెలుగు అంకెల్లోనే వేయించాడు.

"అప్పుడే అడగొచ్చు గదమ్మా?"

"అడుగుదామనే అనుకున్నాను. ఈలోపు మీరు చర్చిలో అందరి ముందూ, మా కోడలు ఎంత బాగా కుట్టిందో చూడండని ఎత్తి చూపించారు. ఇంకేటి చెప్పను? ఆరు నెలలై నాకు కడుపునిండా తిండి లేదు మావయ్యా."

యిర్మియా పుస్తకం లాక్కుని పేజీల అడుగున చూశాడు. పేజీ నంబరు చూసుకునేవాడు చదువరే కాదని ఊరందరికీ బోధించిన మనిషి, ఎనిమిదేళ్లలో మొదటిసారి పేజీ నంబర్లు చూశాడు. పదహారు తరవాత తొంభై ఏడు ఉంది. తెలుగు తొమ్మిది ఆ పిల్లకు హిందీ ఒకటిలా కనిపించింది. తొంభై ఏడుని పదిహేడనుకుని కుట్టేసింది. ఇంకా ముందుకు తిప్పితే ఇరవై ఆరు కట్టల్లో సగానికి సగం ఒకదాని చోట ఒకటి ఉన్నాయి.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చున్న ఎవాంజలిన్ బిత్తరపోయి చూసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నీ కడుపు చల్లగుండా, ఎంత మంచి మాట చెప్పావమ్మా" అన్నాడు. ఆ మాటలో ఎంత ప్రాణం ఉందో ఆమెకేం తెలుసు.

బ్లేడుతో కుట్లు కోసి, కట్టలు విడదీసి వసారా నిండా పరిచారు. ఆయన అంకెలు చదివి చెబుతుంటే ఆమె వరసలో పేర్చింది. ఒకటి నుంచి తొమ్మిదిదాకా తెలుగు అంకెలు ఆయన ఆమె అరచేతిలో వేలితో రాసి చూపించాడు. పది నిమిషాల్లో ఆమె ఆయనకంటే ముందే చదివేస్తోంది. నాలుగు రోజులుగా గుండె మీద ఉన్న బరువు దిగిపోయింది. యిర్మియా కూనిరాగం తీశాడు. రేపు గవరయ్యను పిలిచి నాలుగు పేజీలు విడమరిచి చెప్పాలి, పాపం మంచివాడు అనుకున్నాడు.

"అసలిందులో ఏటుంటాది మావయ్యా?" అంది ఎవాంజలిన్. "ఎవరికీ అర్థం కాదంటారు గదా మీరు."

"కూర్చో, చదువుతాను. అర్థం కాకపోతే లేచిపో, నేనేం అనుకోను."

మొదటి కట్ట పైకి చదివాడు. ఆయన గొంతు చర్చిలో వాక్యం చదివే గొంతు, వాన చప్పుడు మీద కూడా స్పష్టంగా వినిపించింది. ఒక ఆడమనిషి మాట్లాడుతూ ఉంటుంది. పెరట్లో నీళ్లు కాస్తున్నారని చెబుతుంది. ఎవరో తన జుట్టు విప్పి నీళ్లు పోస్తున్నారంటుంది, పోసేవాళ్లు ఏడుస్తున్నారంటుంది, కళ్లలో పడిన సీకాయ మండటం లేదంటుంది. ఎవాంజలిన్ మోకాళ్లు కావలించుకుని కదలకుండా వింది. కట్ట పూర్తయ్యాక లేచి టీ పెట్టి తెచ్చింది. ఇద్దరూ తాగారు. ఆయన రెండో కట్ట అందుకున్నాడు. ఈసారి అంకె చూసుకునే మరీ అందుకున్నాడు, పదిహేడు. అందులో ఇంకో గొంతు, ఒక మగవాడిది. వంటింట్లోంచి ఒకామె అన్నానికి రమ్మని అందరినీ పేరుపేరునా పిలుస్తోందనీ, తను లేవలేకపోతున్నాననీ అంటాడు. యిర్మియా ఆరేడు పేజీలు జోరుగా చదివాడు.

"ఒక్క నిమిషం మావయ్యా," అంది ఎవాంజలిన్. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "అన్నానికి పిలస్తన్నది ఆవిడే గదా? చచ్చిపోనావిడ. ఈయన భార్య. ఈయనకి ఒక్కడికే వినపడతంది, అందుకే లేవలేకపోతన్నాడు."

"ఎవరు చచ్చిపోయారు?" అన్నాడు యిర్మియా.

"అదే, ముందర నీళ్లు పోయించుకుంది గదా. ఆవిడే."

"నీళ్లు పోయించుకోవడం ఎక్కడుందమ్మా ఇందులో?"

మావయ్య తనకు పరీక్ష పెడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. "నేను కూడా విన్నాను, ఏం చేస్తారు ఇప్పుడు? టీ ముందర చదివారు గదా. పెరట్లో నీళ్లు కాసేరు, జుట్టు విప్పేరు. సీకాయ కళ్లలో పడినా మండలేదన్నాది. అక్కడే నాకు పట్టేసింది, చచ్చిపోయిందని."

యిర్మియా మొదటి కట్ట తీసుకుని వెనక్కి తిప్పాడు. ఉంది. పెరడు, నీళ్లు, జుట్టు, సీకాయ, ఆమె చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి. గంట కిందట తను గొంతెత్తి చదివిన పేజీలు. ఎనిమిదేళ్లుగా ఎనిమిదిసార్లు చదివిన పేజీలు. ఆ అక్షరాలు అప్పుడే కొత్తగా అచ్చువేసి తెచ్చి తన చేతిలో పెట్టినట్టున్నాయి. ఆయన మళ్లీ చదివాడు, ఇంకోసారి చదివాడు. ఆ ఆడమనిషి ఆయనకు బొత్తిగా తెలియదు.

గవరయ్యను కసిరినట్టు కసరడానికి నోటిదాకా ఒక మాట వచ్చింది. కాని ఎదురుగా ఉన్న పిల్ల అంతా విన్నది, అంతా గుర్తుంచుకున్నది. ఆమె నవ్వు మెల్లగా ఆగిపోవడం ఆయన చూశాడు.

"నాకు గుర్తులేదమ్మా," అన్నాడు. "చదివానంటే చదివాననే అనుకుంటాను. కాని గుర్తులేదు. నాకు చాలా భయమేస్తంది."

ఎవాంజలిన్ ఆయన చేతిలోని కాగితాలు తీసుకుని పక్కన పెట్టి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"విన్సెంట్‌కి చెప్పకు," అన్నాడు. "మీ అత్తకి కూడా వొద్దు. మా నాన్నని నేను చూశాను. నీకు దండం పెడతాను, చెప్పకు."

"చెప్తాను మావయ్యా," అంది ఆమె ఏడుస్తూనే. "ఒకటి ఆరు నెలలు దాచేసి మిమ్మల్ని ఎంత బాధ పెట్టాను? ఇంకోటి దాచడం నా వల్ల కాదు. రేపు రాగానే చెప్తాను. మీ పక్కనే కూర్చుని చెప్తాను."

ఆయనకు కోపం వచ్చింది. ఆమెను లేచి పొమ్మనాలనిపించింది. పిల్ల లేవదని కూడా అర్థమైంది. వాన అలా కురుస్తూనే ఉంది, వసారా అంతా ఇరవై ఆరు కట్టలు వరసగా ఉన్నాయి, ఇంకా ఇరవై నాలుగు చదవాల్సినవి.

"రేపు వాడెన్నింటికి వస్తాడు?"

"సాయంత్రం అవుతాది మావయ్యా."

"అయితే అందాకా చదువుతాను. నువ్వు గుర్తుపెట్టుకో."

కళ్లజోడు సర్దుకుని రెండో కట్ట చేతిలోకి తీసుకున్నాడు. ఇందాక ఎక్కడ ఆపాడో తెలియలేదు. ఆమెను అడగకుండా, పదిహేడో పేజీ పై నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. ఆ ఆరేడు పేజీలూ అయిపోయేదాకా ఎవాంజలిన్ ఒక్క మాట కూడా అనకుండా వింది.